ఆ హాలులో నవ్వినదెవరు?

ఆ మధ్యాహ్నం ప్రివ్యూ గదిలో ఉన్నవారు, వచ్చిన వరుసలో, నలుగురు. మొదట సీరియల్ నిర్మాత. ఆ గదిలో మెత్తదనం ఇంకా మిగిలి ఉన్న ఏకైక కుర్చీని ఆయన ఆక్రమించుకున్నాడు. ఆయన తరువాత ఆయన అక్కగారు. పిలిస్తే లేచి వెళ్లడానికి వీలుగా తలుపు పక్క కుర్చీ ఎంచుకున్నది. మూడవది డాక్యుమెంటరీ తీసిన దర్శకురాలు. ఆమె కూర్చోక, కంప్యూటరు ఉన్న ఎత్తు బల్ల దగ్గర నిలబడింది. అందరికంటే చివర, అందరినీ కాచుకునేలా చేసి, ఆలస్యానికి ఒక్క మాటైనా సంజాయిషీ చెప్పకుండా వచ్చినది బడాయక్క.

ఈ కథలోకి ఈ వారమే అడుగుపెట్టినవారికి ఇంతవరకు జరిగినది క్లుప్తంగా చెప్పడం మర్యాద. బడాయక్క అన్నది తల్లిదండ్రులు పెట్టిన పేరు కాదు. టెలివిజన్‌లో ఏళ్ల తరబడి నడిచిన ఒక హాస్య సీరియల్లో, అద్దెకున్నవారి ముందు లేనిపోని గొప్పలు చెప్పుకునే ఇంటి యజమానురాలి పాత్ర అది. ఆ పాత్ర ఆమెను పూర్తిగా మింగి కూర్చున్నది. కూరగాయల దుకాణంలోనూ, కంటి ఆస్పత్రిలోనూ, చివరకు భర్త పోయిన రోజున పరామర్శకు వచ్చినవారి నోటనూ ఆమె బడాయక్కే. ఆ సీరియల్ తీసినవాడు ఆమె మరిది, అనగా ఆ పోయిన భర్తకు స్వయానా తమ్ముడు. అంతకుముందు ఆమె సినిమాలలో నటించినదన్న సంగతి ఎవరికీ పట్టలేదు. ఇప్పుడు చానల్ వారు ఆమె జీవితంపై డాక్యుమెంటరీ తీయించారు; ఎల్లుండి సాయంత్రం ప్రసారం. "నా సినిమాల గురించి అందులో ఏం చెప్పారో నా కళ్లతో చూడనిదే అది గడప దాటదు," అని గత వారం ఆమె మరిదికి ఫోనులో చెప్పి, అతడు బదులివ్వబోతుండగా ఫోను పెట్టేసింది.

గదికి కిటికీలు లేవు. గోడలకు చుట్టూ బూడిద రంగు తివాచీ అతికించి ఉన్నది. ఏసీ నుండి కారే చుక్కలు కింద పెట్టిన ప్లాస్టిక్ మగ్గులో పడుతున్నాయి.

"టైముకు రావడం మానేశావా వదినా?" అన్నాడు మరిది, వెనక్కి తిరగకుండానే.

"టైముకు వచ్చి వచ్చి నీకో మేడ కట్టించాను. ఇవాళ కాస్త కాళ్లు నొప్పులు," అంటూ బడాయక్క అతడి పక్కన ఖాళీగా ఉన్న కుర్చీ వదిలి, కావాలనే అవతలి వరుసలో కూర్చున్నది.

తలుపు పక్కనున్న ఆడపడుచు లేవబోయింది. "మంచినీళ్లు తెమ్మంటావా వదినా?"

"కూర్చో అమ్మాయ్. ఇక్కడ కూడా వడ్డన పనేనా నీకు?"

ఆడపడుచు కూర్చున్నది. ఆమెది అరవై దాటిన వయస్సే అయినా ఆ ఇంట్లో ఆమె ఎప్పుడూ అమ్మాయే. పెళ్లి జరగలేదు. ఎప్పటి నుంచో తమ్ముడి పంచన, ఇప్పుడు అతడి మేడలో, మెట్ల కింద గదిలో ఉంటూ, అందరి మందుల వేళలూ గుర్తుపెట్టుకుంటూ రోజులు వెళ్లదీస్తున్నది. కోపంగా మాట్లాడగా విన్నవారు లేరు.

దీపాలు ఆరాయి. డాక్యుమెంటరీలో ముప్పాతిక భాగం సీరియలే. బడాయక్క చేయి తిప్పడం, బడాయక్క మూతి విరవడం, బడాయక్క మెట్ల మీద నుంచి జారి కూడా గొప్ప చెప్పుకోవడం. మధ్య మధ్య ఎవరెవరో వచ్చి ఆమెను తమ ఇంటి మనిషి అన్నారు. ఆ మాట ఆమె విన్నది గాని, ముఖంలో రేఖ కదలలేదు. పొగడ్త ఎంతసేపు నడుస్తుందో, ఆ తరువాత ఏమి రాబోతున్నదో ఆమెకు తెలుసు.

వచ్చింది. ఒక తీయని గొంతు ఇలా పలికింది: "బుల్లితెర నవ్వుల రాణి సినిమాలలోనూ తన అదృష్టాన్ని పరీక్షించుకున్నారు."

"ఆపు," అన్నది బడాయక్క.

దర్శకురాలు ఆపింది.

"అదృష్టం పరీక్షించుకున్నానా? లాటరీ టికెట్టా అమ్మా అది? జైలు వార్డరుగా వేశాను. చూపు తగ్గిపోతున్న సంగతి ఆఫీసులో దాచుకునే టైపిస్టుగా వేశాను. దానికోసం కళ్లు మూసుకుని టైపు కొట్టడం నేర్చుకున్నాను. పత్రికలవాళ్లు రాశారు కూడా. అదంతా ఏమైంది?"

"మేడమ్, ఆ సినిమాలు ఎక్కడా దొరకలేదు. ఫోటోలు మాత్రం ఉన్నాయి. ముఖ్యంగా మీరు హీరోయిన్‌గా చేసినది..."

"హీరోయిన్ కాదు. తల్లి. కథ మొత్తం ఆవిడదే."

"ఆ ప్రింటు నాశనమైపోయిందని సార్ చెప్పారు."

సార్ అనగా మరిది. ఆయన చేతి గడియారం చూచుకున్నాడు. "వదినా, దొరకనిదాన్ని ఎక్కణ్నించి చూపిస్తారు? నీ నోటితో నువ్వే వందసార్లు చెప్పావు కదా, నేను ఏడిస్తే జనం నవ్వారని. అదే పెట్టారు. కొత్తగా ఏమైనా కల్పించారా?"

అది నిజం. ప్రతి ఇంటర్వ్యూలోనూ ఆమె ఆ కథ చెప్పేది. "నేను గుండెలు పగిలేలా ఏడ్చానండీ. హాలంతా పగలబడి నవ్వింది. అప్పుడు తెలిసింది, దేవుడు నాకీ మొహం ఎందుకిచ్చాడో." ఎదుటివారు కడుపు పట్టుకుని నవ్వేవారు. ఆ నవ్వు వింటూ ఆమె కూడా నవ్వేది. ఒక అవమానాన్ని ఎవరో చెప్పుకోవడం కంటే తానే ముందుగా చెప్పేస్తే నయమని ఎవరూ ఆమెకు నేర్పలేదు, ఆమే నేర్చుకున్నది.

"కానివ్వు," అన్నది ఆమె. "ముందు ఏం పెట్టారో వింటాను."

తెర మీదకు మూడు ఫోటోలు వచ్చాయి, ఒకదాని తరువాత ఒకటి. ఆస్పత్రి లాండ్రీలో పనిచేసే తల్లి. పై అంతస్తులో బిడ్డ జబ్బుతో పడుకుని ఉన్నాడు. పై నుండి ఉతకడానికి దిగివచ్చిన బట్టల గుట్టలో బిడ్డ చొక్కా కనిపిస్తుంది. దానితోనే ఆమెకు బిడ్డ పోయాడని తెలిసిపోతుంది. అరవదు, ఏడవదు; ఇంటర్వ్యూలలో చెప్పుకున్న ఏడుపు నవ్వించడానికి కల్పించినదే. ఆ చొక్కాను ఉతికి పిండుతుంది. నీరంతా కారిపోయినా పిండుతూనే ఉంటుంది. ఫోటోలో ఆ చేతుల నరాలు తాళ్లలాగా ఉబ్బి ఉన్నాయి. ఈ సన్నివేశం కోసం ఆమె ఒక నెల నిజమైన లాండ్రీలో పనిచేసింది. అరచేతులు బొబ్బలెక్కాయి. భర్త స్వయంగా మందు రాసేవాడు.

"ఇప్పుడు వచ్చేది ఆనాటి హాలులో రికార్డు చేసిన శబ్దం మేడమ్," అన్నది దర్శకురాలు, కాస్త గర్వంగానే. "సార్ క్యాసెట్ భద్రంగా దాచి ఉంచారు. ఇలాంటిది దొరకడం చాలా అరుదు."

బడాయక్క ఆ క్యాసెట్ విన్నది ఒకే ఒక్కసారి. ఆ సినిమా విడుదలైన రోజున ఆమె సీరియల్ షూటింగులో ఉన్నది. మరిది ఆ షూటింగును ఆ రోజుకే పెట్టుకున్నాడు. మరునాడు అతడు క్యాసెట్ పట్టుకుని ఇంటికి వచ్చి, "చెప్పడానికి నాకే కష్టంగా ఉంది, నువ్వే విను," అని బల్ల మీద పెట్టి మోగించాడు. నాలుగు క్షణాలు విన్నదో లేదో భర్త చేయి చాచి దాన్ని ఆపేశాడు. "ఇక చాలు. మనకిది పడదు," అని ఆమె భుజం మీద చేయి వేశాడు. ఆ తరువాత ఆమె ఏ సినిమా కథా వినలేదు. ఆ సినిమాను తాను చూడనూ లేదు.

ఇప్పుడు ఆ శబ్దం గది నలుమూలల నుండి వచ్చింది. ముందు తెర మీది సన్నివేశం లీలగా వినపడింది: యంత్రాల చప్పుడు, తొట్టెలో నీరు. అంతలో నవ్వు. ముందు ఒక మూల నుంచి, వెంటనే హాలంతా. ఎత్తుకు లేచి, నిలిచి, తగ్గింది.

ఆమె కళ్లు మూసుకున్నది. అవమానానికి సిద్ధపడి వచ్చిన మనిషి అది మీద పడేవరకు కదలకుండా కూర్చున్నట్టు కూర్చున్నది. కాని ఆమెకు తెలియకుండానే ఆమె పెదవులు విచ్చుకున్నాయి. ఊపిరి లోపలికి పీల్చుకున్నది. ఏదో అనడానికి, సరిగ్గా ఎక్కడ అనాలో అక్కడ అనడానికి, ఆమె దేహం సిద్ధమైంది.

నవ్వు పూర్తిగా తగ్గిన తరువాత ఒక స్త్రీ గొంతు ఒంటరిగా, ఆలస్యంగా లేచి, చివర ఎక్కిలి పడినట్టు తెగింది. ఆ వెంటనే ఎవరో పురుషుడు పొడిగా దగ్గాడు.

బడాయక్క కళ్లు తెరిచింది.

ఆ సీరియల్ తీసే పద్ధతి ఇక్కడ చెప్పనిదే తరువాతి సంగతి అర్థం కాదు. దాన్ని ప్రేక్షకుల ముందు తీయలేదు. నవ్వులన్నీ ఒక టేపులో ముందే పట్టి ఉంచారు: చిన్న నవ్వు, మధ్య నవ్వు, పెద్ద నవ్వు. రెండో ఏడాది నుంచి ఆ టేపును షూటింగులోనే మోగించేవారు, నటులు ఎంతసేపు ఆగాలో తెలియడానికి. పెద్ద నవ్వు చివర ఆ ఎక్కిళ్ల స్త్రీ ఉండేది. ఆమె ఎవరో ఎవరికీ తెలియదు. బడాయక్కే ఆమెకు "ఎక్కిళ్ల పిన్ని" అని పేరు పెట్టింది. "పిన్ని అయ్యాక డైలాగ్" అన్నది ఆ సెట్టులో అందరి నోటా నలిగిన మాట. పిన్నికీ, ఆ తరువాత వచ్చే దగ్గుకూ మధ్య ఊపిరి పట్టేంత సందు ఉన్నది. బడాయక్క మాట సరిగ్గా ఆ సందులో పడి దగ్గును కప్పేసేది. అందుకనే ఇళ్లలో కూర్చుని చూచిన లక్షలమందిలో ఆ దగ్గును విన్నవారు లేరు. దానిని తన మాటతో ఏళ్ల తరబడి మూసిపెట్టిన మనిషికి మాత్రం అది కన్నబిడ్డ దగ్గంత పరిచయం.

"మళ్లీ వెయ్యి," అన్నది.

"వదినా, ఎందుకు పుండు కెలుక్కుంటావు?" అన్నాడు మరిది.

"నా పుండు, నా గోరు. మళ్లీ వెయ్యి అమ్మాయ్."

దర్శకురాలు మళ్లీ వేసింది. ఈసారి బడాయక్క లేచి నిలబడింది. నవ్వు మొదలుకావడానికి అరక్షణం ముందు, నడుము మీద చేయి వేసి, లక్షలమందికి తెలిసిన ఆ గొంతుతో అన్నది:

"మా ఇంట్లో కుళాయి తిప్పితే నీళ్లు రావు."

నవ్వు లేచింది. ఆమె కనుబొమ్మ ఎగరేసి నిలబడింది. నవ్వు ఎత్తుకు వెళ్లింది. ఆమె మెడ అటు తిప్పింది. తగ్గింది, ఇటు తిప్పింది. పిన్ని నవ్వి ఎక్కిలి పడింది.

"నన్ను అడిగి వస్తాయి."

దగ్గు వినబడలేదు. ఆమె మాట దాన్ని మూసేసింది, వెంట్రుకవాసి తేడా లేకుండా.

గదిలో ఎవరూ నవ్వలేదు. దర్శకురాలు యంత్రం ఆపడం మరిచిపోయింది.

"ఏం మరిదిగారూ," అన్నది బడాయక్క, ఆ నడుము మీద చేయి తీయకుండానే. "మా ఎక్కిళ్ల పిన్ని ఆ రోజు నా సినిమాకు టికెట్ కొనుక్కుని వచ్చిందా?"

"ఏం మాట్లాడుతున్నావు? ఎక్కిళ్లు పెట్టుకుని నవ్వే ఆడది లోకంలో ఒక్కతేనా?"

"కాదు, బోలెడంతమంది ఉంటారు. ఆ దగ్గేవాడు కూడా తోడు వచ్చాడు కాబోలు. ఏం జంట, ఎక్కడికెళ్లినా కలిసే."

"వదినా, నీకు వయసు మీద పడింది. ఏదో విని ఏదో అనుకుంటున్నావు. అమ్మా, తర్వాతి భాగం వెయ్యండి."

దర్శకురాలు వేయలేదు. చెవులకు హెడ్‌ఫోను తగిలించుకుని ఆ ముక్కను ఒకసారి, మరొకసారి విన్నది. తీసి బల్ల మీద పెట్టింది. ఇప్పుడు ఆమె గొంతులో గర్వం లేదు. "సార్, యంత్రాల చప్పుడు పెద్ద హాల్లో పట్టింది. నవ్వు చిన్న గదిలో పట్టింది. రెండూ తర్వాత కలిపారు. నేను ముందే గమనించాల్సింది. మీరు నాకు దీన్ని అసలుదని చెప్పి ఇచ్చారు."

మరిది కాసేపు మగ్గులో పడే చుక్కల వైపు చూచాడు. తప్పించుకునే దారి మూసుకుపోయిందని తెలిసిన తరువాత కొందరు మెత్తబడతారు. అతడు ఆ రకం కాదు. కాలు మీద కాలు వేసుకున్నాడు.

"సరే, కలిపాను. అయితే ఏంటి? ఆ నవ్వే కదా నీకు ఇన్నేళ్లు తిండి పెట్టింది? సీరియల్ మొదలుపెట్టి నెల కూడా కాలేదు అప్పటికి. నువ్వు సినిమా అంటూ పోతే నా గతి? యాభైమంది రోడ్డున పడేవాళ్లు. ఆ తల్లి పాత్రలు వేసుకుంటూ ఉంటే ఇవాళ నిన్ను కుక్కయినా గుర్తుపట్టేదా? రోడ్డు మీద నడువు, పసిపిల్లలు కూడా బడాయక్కా అని వెంటపడతారు. ఆ పేరు ఇచ్చింది నేను."

"నేను అడిగింది అది కాదు. హాల్లో నవ్వారా?"

"ఏళ్లయింది, ఎవరికి గుర్తు?"

"క్యాసెట్ గుర్తుంది, నవ్వు గుర్తు లేదా? నేను ఆ చొక్కా పిండుతుంటే జనం నవ్వారా, లేదా?"

ఈ ప్రశ్న మీద ఏమి ఆధారపడి ఉన్నదో ఆ గదిలో అందరికీ తెలుసు. ఎల్లుండి సాయంత్రం ఇది ప్రసారమైతే, ఆమె ఏడవబోయి నవ్వులపాలైన మనిషిగా ఇక శాశ్వతంగా మిగిలిపోతుంది. ఆమెకు కావలసినది పరువు కాదు. తాను నటినా కాదా అన్న ఒక్క సంగతి ఆమెకు తేలాలి. ముప్పై ఏళ్లుగా కాదని నమ్మి బతికింది.

"గుర్తు లేదన్నానుగా," అన్నాడు మరిది.

"నవ్వలేదు."

ఆ మాట తలుపు పక్క నుండి వచ్చింది. అందరూ తిరిగి చూచారు. ఆడపడుచు ఒడిలో చేతిసంచీ పట్టుకుని అలాగే కూర్చుని ఉన్నది.

"అక్కా, నీకు తెలియని విషయం. ఊరుకో."

"ఊరుకునే ఉన్నాను కదా తమ్ముడూ ఇన్నాళ్లూ. నేను వెళ్లాను ఆ ఆటకి. ఎవరూ నవ్వలేదు. పంకాలు తిరిగే చప్పుడు కూడా వినిపించింది. నా ముందు వరుసలో ఒకావిడ, పక్క సీటులో నిద్రపోతున్న పిల్లాణ్ని లేపి మరీ ఒళ్లోకి లాక్కుంది. ఆట అయిపోయి తలుపులు తీసినా జనం లేవలేదు. గేటు దగ్గర మనిషి వచ్చి, వెళ్లండమ్మా, తర్వాతి ఆటవాళ్లు ఎండలో నిలబడ్డారు, అని బతిమాలుకున్నాడు."

బడాయక్క ఆమె వైపు నడిచింది. ఆ నడకలో కృతజ్ఞత ఏ కోశానా లేదు.

"నువ్వు చూశావు."

"చూశాను వదినా."

"చూసి, నేను ఆ కథ చెప్పి పదిమందిని నవ్విస్తుంటే, పక్కనే కూర్చుని నువ్వూ నవ్వావు."

"నవ్వాను."

"నీ నోట్లో ఏం కుక్కారమ్మా ఇన్నేళ్లు?"

"అన్నం," అన్నది ఆడపడుచు. "వాడి ఇంట్లో తింటున్నాను."

"మరి ఇవాళ రాత్రి ఎక్కడ తింటావు?"

"ఇంకా అంతవరకు ఆలోచించలేదు."

మరిది లేచి నిలబడ్డాడు. "బాగుంది. ఇద్దరూ కలిసి నాటకం బాగా ఆడుతున్నారు. కాని ఏం లాభం? సినిమా లేదు. పోయింది. నవ్వలేదని ఈవిడ అంటుంది, నవ్వారని నేనంటాను. ఎవరు తేలుస్తారు?"

"సినిమా ఉంది," అన్నది ఆడపడుచు.

మగ్గు నిండి నీరు తివాచీ మీదకు కారుతున్నది. ఎవరూ పట్టించుకోలేదు.

"ఆ సినిమా తీసినాయన చేతులెత్తేసినప్పుడు, మిగిలిన ఒక్క ప్రింటూ తమ్ముడే కొన్నాడు వదినా, నీ కంట పడకుండా. ఇల్లు మారేటప్పుడు ఆ డబ్బాలు పాత ఇనుము వాడికి వేసెయ్యమని నాకు చెప్పాడు. నేను వేశానన్నాను. వెయ్యలేదు. నా మంచం కింద ఉన్నాయి. మీద దుప్పట్లు మడిచి పెడతాను. వర్షాలు పడ్డప్పుడు గదిలోకి నీళ్లొస్తే మంచం మీదకు ఎక్కించి, నేను కింద పీట మీద కూర్చునేదాన్ని. ఎందుకు దాచానంటే నాకు చెప్పడం రాదు. ఆ చొక్కా పిండిన చేతులు అందులో ఉన్నాయి కదా, పారెయ్యబుద్ధి కాలేదు."

మరిది ముఖం ఎర్రబడలేదు, తెల్లబడింది. అతడు అక్కను చూచిన చూపులో ఇంటి సామాను తనంతట తాను మాట్లాడితే కలిగేటంత ఆశ్చర్యం ఉన్నది. ఆ ఆశ్చర్యం నుండి తేరుకుని, అతడు తన దగ్గర మిగిలిన చివరి రాయి విసిరాడు. అది అక్క మీదకు కాదు, వదిన మీదకు.

"నన్ను దొంగను చేస్తున్నారు కదా? అయితే విను వదినా. క్యాసెట్ చేసింది నేనే. చెయ్యమని అడిగింది మాత్రం అన్నయ్య."

బడాయక్క అతడి వైపు తిరిగింది.

"చచ్చిపోయినవాడి మీదకు తోస్తున్నావా?"

"తోయడానికి నాకేం ఖర్మ? నువ్వు ఒక్క మాట ఆలోచించుకో. ఆ రోజు నేను క్యాసెట్ పెట్టాక, పూర్తిగా విననివ్వకుండా ఆపింది ఎవరు?"

భుజం మీద పడిన ఆ చేతిని ఆమె ఇన్నేళ్లూ తన జీవితంలో అన్నిటికంటే దయగల స్పర్శగా దాచుకున్నది. భర్తను తలుచుకున్నప్పుడల్లా ముందుగా ఆ చేయే గుర్తుకు వచ్చేది.

ఆడపడుచు వైపు తిరిగింది. "నిజమేనా?"

"అడిగాడో లేదో నాకు తెలియదు వదినా. నాకు తెలిసినదే చెప్తాను." ఆమె చేతిసంచీ పట్టీని వేలికి చుట్టుకున్నది, విప్పింది. "ఆ రోజు హాల్లో నా పక్క సీటులో కూర్చున్నది అన్నయ్యే."

ఆ రోజు తనకు ఆఫీసు తనిఖీ ఉన్నదని, అందుకనే సినిమాకు వెళ్లలేకపోయానని భర్త ఆమెకు చెప్పాడు. ఆమె నమ్మింది. ఆ నిశ్శబ్దాన్ని అతడు స్వయంగా విన్నాడన్నమాట. విని, మరునాడు ఆ నవ్వు అబద్ధమని తెలిసే, దాన్ని ఆపి, ఆమె భుజం తట్టాడన్నమాట.

"ఏమన్నాడు? ఆట అయ్యాక?"

"ఏమీ అనలేదు. అందరూ వెళ్లిపోయినా లేవలేదు. నేనే చేయి పట్టుకుని లేపాను."

దర్శకురాలు బడాయక్క వైపు తిరిగింది. "మేడమ్, ఎల్లుండి ప్రసారం ఆపమని చానల్‌కు చెప్పమంటారా?"

"ఆపడం కాదు," అన్నాడు మరిది. "అసలు ఉండదు. ఆ సీరియల్ హక్కులన్నీ నావి. అందులోది ఒక్క ముక్క, ఒక్క నవ్వు కూడా వాడుకోనివ్వను. అది తీసేస్తే మీ డాక్యుమెంటరీలో ఏం మిగులుతుందో చూసుకోండి."

బడాయక్క అతడిని పైనుంచి కిందకు ఒకసారి చూచింది. ఆ చూపు ఏ సీరియల్లోనూ లేదు.

"తీసేయ్ అమ్మాయ్," అన్నది దర్శకురాలితో. "మొత్తం తీసేయ్. కుళాయి, మెట్లు, మూతి విరుపులు, అన్నీ. ఏం మిగులుతుందో అదే వెయ్యి. మంచం కింద ఉన్నది తెచ్చి వెయ్యి. అందులో నేనేం చేశానో నేనూ చూడాలి. చూశాక నేను సగం చచ్చినా సరే, చూడాలి."

మరిది తలుపు తీసుకుని బయటకు వెళ్లాడు. వెళ్తూ అక్కను రమ్మని పిలవలేదు. ఆమె లేవలేదు.

"ఇంకొకటి," అన్నది బడాయక్క. "చివర పేర్లు వేస్తారు కదా. అక్కడ ఒక మాట వెయ్యాలి. చెప్తాను, రాసుకో."

దర్శకురాలు కీబోర్డు ముందుకు లాక్కున్నది. బడాయక్క నిటారుగా నిలబడి, ఏ పాత్ర గొంతూ అరువు తెచ్చుకోకుండా, ఒక్కొక్క మాటే చెప్పింది. చెబుతున్నంతసేపూ ఆడపడుచు వైపు చూడలేదు. మధ్యలో దర్శకురాలు, "చివర కృతజ్ఞతలు అని వేయనా మేడమ్?" అని అడిగింది.

"వద్దు. ఆ మాటకు నాకింకా మనసు రాలేదు. నేను చెప్పిందే వెయ్యి."

తెర మీద అక్షరాలు ఈ విధంగా నిలిచాయి:

"ఈ నటి ముఖ్యపాత్ర ధరించిన ఏకైక చలనచిత్రపు ప్రతిని, పారవేయవలసిందిగా ఆజ్ఞ అయినప్పటికీ పారవేయక, తాను పడుకునే గదిలో తడి తగలకుండా కాపాడి, తన సోదరుని సమక్షంలోనే ఆ సంగతిని వెల్లడించినది ఈ నటి ఆడపడుచు. ఆమె చేసిన ఈ పనిని ఇందుమూలముగా గుర్తించడమైనది."